జంట నక్షత్ర వ్యవస్థల్లో కృష్ణబిలాలు: కనిపించే తార ఇచ్చే సాక్ష్యం

ధ్రువతార:

సభ్యులందరికీ నమస్కారం. కొన్ని వారాలుగా కృష్ణబిలాల గురించి చదువుతున్నాను. ఒంటరి కృష్ణబిలం సంగతి కొంతవరకు బోధపడింది కానీ, మామూలు నక్షత్రంతో జంటగా తిరిగే కృష్ణబిలం దగ్గరికి వచ్చేసరికి నా ఆలోచన ఆగిపోతోంది. కాంతిని సైతం బయటికి పోనివ్వని వస్తువు పక్కన ఒక నక్షత్రం లక్షల, కోట్ల సంవత్సరాలు క్షేమంగా ఎలా ఉండగలుగుతుంది? నక్షత్రం కృష్ణబిలం చుట్టూ తిరుగుతుందా, కృష్ణబిలమే నక్షత్రం చుట్టూ తిరుగుతుందా? అన్నిటికంటే ముఖ్యంగా, జంటలో ఒకటి అసలు కనిపించనప్పుడు దాని బరువు ఇంత అని ఎలా చెప్పగలుగుతున్నారు? తెలిసినవారు ఓపికగా వివరించాలని మనవి.

కక్ష్యాపథం:

ధ్రువతార గారూ, మొదటి రెండు ప్రశ్నలకు ఒకే చోట జవాబు దొరుకుతుంది. కృష్ణబిలానికి దూరాన ఉన్నదాన్ని కూడా లాగేసుకునే ప్రత్యేక శక్తి ఏదీ లేదు. సూర్యుణ్ణి తీసేసి అంతే ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలాన్ని ఆ స్థానంలో పెట్టామని ఊహించుకుంటే, భూమి చీకట్లో గడ్డకట్టుకుపోతుందే తప్ప దాని కక్ష్య ఏమాత్రం మారదు. సౌర ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలపు ఘటనా దిగంతం (కాంతి కూడా తిరిగి రాలేని సరిహద్దు) వ్యాసార్ధం కేవలం 3 కిలోమీటర్లు. విపరీతమైన పరిణామాలన్నీ ఆ కొద్దిపాటి చోటు చుట్టుపక్కలే జరుగుతాయి. దూరం నుంచి చూసే నక్షత్రానికి అది మరో బరువైన వస్తువు మాత్రమే.

ఎవరి చుట్టూ ఎవరు తిరుగుతారన్నదానికి జవాబు: ఇద్దరూ తమ ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తిరుగుతారు. సర్పధారి మండలంలో సుమారు 1,560 కాంతి సంవత్సరాల దూరంలో, గయా ఉపగ్రహం కొలతల్లో బయటపడిన గయా బీహెచ్1ను ఉదాహరణగా తీసుకుందాం. 2022లో దీన్ని వెల్లడించారు, మనకు తెలిసిన కృష్ణబిలాల్లో అతి సమీపమైనది ఇదే. కృష్ణబిలం ద్రవ్యరాశి సూర్యుడికి సుమారు 9.6 రెట్లు, తోటి నక్షత్రం దాదాపు మన సూర్యుడి వంటిదే, 0.93 రెట్లు. 185.6 రోజులకు ఒక ప్రదక్షిణ. ప్రదక్షిణ కాలాన్ని, దూరాన్ని, ద్రవ్యరాశిని ముడిపెట్టే కెప్లర్ మూడో నియమం ప్రకారం లెక్కిస్తే, రెండింటి మధ్య సగటు దూరం భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న దూరానికి 1.4 రెట్లు వస్తుంది. అందులో నక్షత్రం వాటా 1.27 రెట్లు, కృష్ణబిలం వాటా 0.12 రెట్లు. అంటే బరువైనది కొద్దిగా కదులుతుంది, తేలికైనది పెద్ద చుట్టు తిరుగుతుంది.

నీహారిక:

కక్ష్యాపథం గారి వివరణ బాగుంది. కానీ దాన్ని చదివినవారికి కృష్ణబిలం పక్కన ఉండటం ఎప్పుడూ క్షేమమే అన్న అభిప్రాయం కలగవచ్చు. సిగ్నస్ ఎక్స్-1 సంగతి వేరు కదా. 1964లో రాకెట్ ప్రయోగాల్లో ఎక్స్-కిరణాల మూలంగా బయటపడిన ఆ వ్యవస్థలో కృష్ణబిలం తన జోడీ నుంచి పదార్థాన్ని గ్రహిస్తూనే ఉంది. గయా బీహెచ్1లో అలా పదార్థాన్ని లాక్కోవడం ఎందుకు లేదు, ఇక్కడ ఎందుకు ఉంది?

సప్తర్షి:

నీహారిక గారూ, తేడా అంతా దూరంలోనూ, నక్షత్రం పరిమాణంలోనూ ఉంది.

జంటలోని ప్రతి సభ్యుడి చుట్టూ తన గురుత్వాకర్షణే పైచేయిగా ఉండే ప్రాంతం ఒకటి ఉంటుంది. నీటిబొట్టు ఆకారంలో ఉండే ఆ ప్రాంతాన్ని రోష్ లోబ్ అంటారు. రెండు బొట్ల మొనలు కలిసే చోటు మొదటి లగ్రాంజ్ బిందువు. నక్షత్రం తన లోబ్ లోపల ఒదిగి ఉన్నంతకాలం దాని పదార్థం దానిదే. వయసు పెరిగి ఉబ్బినా, కక్ష్య కుంచించుకుపోయినా నక్షత్రం లోబ్‌ను నింపేస్తుంది, అప్పుడు ఆ బిందువు గుండా వాయువు అవతలి వైపుకు పొర్లడం మొదలవుతుంది. గయా బీహెచ్1లో రెండూ అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా నక్షత్రపు రోష్ లోబ్ దాని సొంత వ్యాసార్ధానికి ముప్పై రెట్లకు పైగా ఉంటుంది. పొర్లే ప్రసక్తే లేదు.

సిగ్నస్ ఎక్స్-1లోని హెచ్‌డీఈ 226868 మాత్రం నీలి మహాతార. ద్రవ్యరాశి సూర్యుడికి సుమారు 40 రెట్లు, ప్రదక్షిణ కాలం 5.6 రోజులు, రెండింటి మధ్య దూరం భూమి-సూర్యుల దూరంలో దాదాపు నాలుగో వంతు. అది తన లోబ్‌ను దాదాపుగా నింపి ఉండటమే కాక, తన కాంతి తోపుడుకే ఉపరితలం నుంచి పదార్థాన్ని బలమైన గాలిగా వెదజల్లుతూ ఉంటుంది. కృష్ణబిలం ప్రధానంగా ఆ గాలిలో ఒక భాగాన్ని ఒడిసిపట్టుకుంటుంది.

ఇక్కడ తరచుగా పొరపాటు పడే విషయం ఒకటి ఉంది. అలా వచ్చిన వాయువు నేరుగా బిలంలో పడదు. కక్ష్యా చలనం వల్ల దానికి కోణీయ ద్రవ్యవేగం (గుండ్రంగా తిరిగే ఊపు) ఉంటుంది కాబట్టి, అది చుట్టూ తిరుగుతూ పల్చని పళ్ళెంలా పరుచుకుంటుంది. దీన్నే అక్రీషన్ డిస్క్ అంటారు. లోపలి వలయం వేగంగా, వెలుపలి వలయం నెమ్మదిగా తిరుగుతాయి కనుక వాటి మధ్య రాపిడి లాంటిది ఏర్పడి కోణీయ ద్రవ్యవేగం బయటికీ, పదార్థం లోపలికీ జరుగుతాయి. మామూలు వాయువుకుండే స్నిగ్ధత (జిగట) ఈ పనికి ఏమాత్రం చాలదు. అయస్కాంత క్షేత్రాలు డిస్క్‌లో పుట్టించే అల్లకల్లోలమే అసలు కారణమని నేటి అవగాహన.

లోపలి అంచు దగ్గర ఉష్ణోగ్రత పది లక్షల డిగ్రీల స్థాయిని దాటుతుంది. అందుకే మనకు ఎక్స్-కిరణాలు అందుతాయి. హైడ్రోజన్ సంలీనంలో ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తిగా మారుతుండగా, స్వభ్రమణం లేని కృష్ణబిలం వైపు జారే పదార్థంలో సుమారు 6 శాతం, అత్యంత వేగంగా తనచుట్టూ తాను తిరిగే బిలం విషయంలో 42 శాతం దాకా వెలువడే అవకాశం ఉంది. మన గెలాక్సీలో అతి తీవ్రమైన ఎక్స్-కిరణ మూలాల్లో కొన్ని చీకటి వస్తువుల పక్కనే ఉండటం నాకు ఎప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

ధ్రువతార:

సప్తర్షి గారూ, ఎంతో స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. నా మూడో ప్రశ్న మిగిలే ఉంది. గయా బీహెచ్1లోని బిలానికి 9.6 రెట్లు, సిగ్నస్ ఎక్స్-1లోని బిలానికి 21 రెట్లు అని చెప్పే ఆ అంకెలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? సూత్రం ఇచ్చి వదిలేయకుండా, ఒక్క వ్యవస్థకైనా లెక్క చేసి చూపిస్తే కృతజ్ఞుణ్ణి.

కక్ష్యాపథం:

తప్పకుండా. ముందు ఒక పాత సంగతి. సప్తర్షి మండలంలోని వశిష్ఠ నక్షత్రం వర్ణపటంలో (దాని కాంతిని రంగులుగా విడదీసిన పట్టీలో) గీతలు కొన్ని రోజులు ఒంటిగా, కొన్ని రోజులు రెండుగా చీలి కనిపిస్తాయని 1889లో హార్వర్డ్ వేధశాల నుంచి ఎడ్వర్డ్ పికరింగ్ ప్రకటించారు. అరుంధతితో దాని జంట కంటికే కనిపిస్తుంది. ఈ చీలిక చెప్పింది మరో జంట గురించి, ఏ దూరదర్శినిలోనూ అప్పట్లో విడిగా కనిపించనంత దగ్గరగా తిరిగే రెండు తారల గురించి. మన వైపు వచ్చే తార గీతలు నీలం వైపు, దూరమయ్యే తార గీతలు ఎరుపు వైపు జరుగుతాయి. డాప్లర్ ప్రభావం అదే. ఆ రెండింటిలో ఒకటి చీకటి వస్తువు అయితే ఒకే జత గీతలు అటూ ఇటూ ఊగుతాయి. కృష్ణబిలపు జంటలో మనకు దొరికేది ఆ ఊగిసలాటే.

ఇప్పుడు వి404 సిగ్నీ అనే కృష్ణబిలపు జంటను తీసుకుందాం. ఇందులో కనిపించే తార 6.47 రోజులకు ఒక చుట్టు తిరుగుతుంది, మన దిశలో దాని గరిష్ఠ వేగం సెకనుకు 208.5 కిలోమీటర్లు. 6.47 రోజులంటే సుమారు 5,59,000 సెకన్లు. వేగాన్ని కాలంతో గుణిస్తే కక్ష్య చుట్టుకొలత వస్తుంది, దాన్ని 6.283తో (పైకి రెట్టింపు) భాగిస్తే వ్యాసార్ధం 1.855 కోట్ల కిలోమీటర్లు. భూమి-సూర్యుల దూరంతో పోలిస్తే ఇది 0.124. దీన్ని మూడుసార్లు తనతో తాను గుణిస్తే 0.00191. ప్రదక్షిణ కాలం సంవత్సరాల్లో 0.0177, దాని వర్గం 0.000314. కెప్లర్ నియమం ప్రకారం మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే జవాబు సౌర ద్రవ్యరాశుల్లో వస్తుంది, ఇక్కడ దాదాపు 6.08.

ఈ 6.08 అనే అంకెను ద్రవ్యరాశి ప్రమేయం అంటారు. కనిపించని వస్తువు ద్రవ్యరాశి ఎట్టి పరిస్థితుల్లోనూ ఇంతకంటే తక్కువ ఉండటానికి వీల్లేదు. కక్ష్య మనకు ఏటవాలుగా ఉంటే అసలు వేగం మనం కొలిచినదానికంటే ఎక్కువ, కనిపించే తారకు కూడా కొంత బరువు ఉంటుంది, ఈ రెండూ అంకెను పెంచేవే తప్ప తగ్గించేవి కావు. కృష్ణబిలం కాకుండా మిగిలే అతి సాంద్రమైన చీకటి వస్తువు న్యూట్రాన్ తార, అది మోయగల గరిష్ఠ బరువు సూర్యుడికి మూడు రెట్లు దాటదని సిద్ధాంతం చెబుతోంది. కాబట్టి 1992లో ఈ కొలత వెలువడగానే వాదనకు పెద్దగా చోటు మిగల్లేదు.

ఏటవాలు ఎంతో తెలుసుకోవడానికి కూడా ఆ తారే సాయం చేస్తుంది. కృష్ణబిలం లాగడం వల్ల అది నీటిబొట్టులా సాగి ఉంటుంది, ఒక్కో చుట్టులో పక్కనుంచి రెండుసార్లు వెడల్పుగా, కొసల నుంచి రెండుసార్లు ఇరుకుగా కనిపిస్తుంది. దాని వెలుగులో కలిగే ఆ హెచ్చుతగ్గుల పరిమాణాన్ని బట్టి కక్ష్య సుమారు 67 డిగ్రీల వాలులో ఉందని అంచనా వేశారు. ఆ సవరణలు చేస్తే బిలం ద్రవ్యరాశి సుమారు 9 సౌర ద్రవ్యరాశులు అవుతుంది.

సిగ్నస్ ఎక్స్-1 దగ్గర ఇంత సులువు కాదు. 1971 ప్రాంతంలో గ్రీనిచ్ రాయల్ వేధశాల నుంచి లూయీజ్ వెబ్‌స్టర్, పాల్ ముర్డిన్, టొరంటో విశ్వవిద్యాలయం నుంచి టామ్ బోల్టన్ దాని ఊగిసలాటను విడివిడిగా కొలిచారు. అయితే అక్కడ కనిపించే తారే బిలం కంటే బరువైనది. దాని బరువు తెలియాలంటే అసలు వెలుగు తెలియాలి, వెలుగు తెలియాలంటే దూరం తెలియాలి. 2021లో రేడియో దూరదర్శినుల సముదాయంతో దూరాన్ని సుమారు 6,100 నుంచి 7,200 కాంతి సంవత్సరాలకు సవరించగానే, బిలం ద్రవ్యరాశి 15 రెట్ల నుంచి 21 రెట్లకు పెరిగింది. బిలంలో ఏమీ మారలేదు, దాని జోడీని మనం మరింత సరిగ్గా కొలిచాం, అంతే.

ధ్రువతార:

లెక్కను కాగితం మీద మళ్ళీ చేసి చూసుకున్నాను, 6.08 వచ్చింది. ఎంతో సంతోషంగా ఉంది.

పరిశీలకుడు:

మంచి చర్చ. కానీ ఇంత సులువుగా నమ్మకం కుదరడం గురించి ఒక హెచ్చరిక చేయాలనిపిస్తోంది. ఊగిసలాట కనిపించి, ఎక్స్-కిరణాలు కనిపించనప్పుడు కృష్ణబిలమని తొందరపడిన సందర్భాలు ఉన్నాయి.

2019లో ఎల్‌బీ-1 అనే వ్యవస్థలో దాదాపు 70 సౌర ద్రవ్యరాశుల కృష్ణబిలం ఉందని ప్రకటించారు. నక్షత్ర పరిణామ సిద్ధాంతం ప్రకారం మన గెలాక్సీ పళ్ళెంలో అంత బరువైన బిలం పుట్టడం దాదాపు అసాధ్యం. వారు ఆధారంగా తీసుకున్నది వర్ణపటంలోని హైడ్రోజన్ ఉద్గార రేఖలో (వాయువు వెలువరించే కాంతి వల్ల మెరిసే గీతలో) కనిపించిన స్వల్ప ఊగిసలాటను. అది బిలం చుట్టూ ఉన్న వాయువు కదలిక అనుకున్నారు. కొన్ని వారాల్లోనే ఇతర బృందాలు చూపించినదేమిటంటే, ఆ ఉద్గార రేఖ నిజానికి కదలడం లేదు, దాని మీద పరుచుకున్న తార సొంత శోషణ రేఖ (కాంతిని పీల్చుకోవడం వల్ల ఏర్పడే చీకటి గీత) అటూ ఇటూ జరుగుతుంటే ఉద్గార రేఖే కదులుతున్నట్టు కంటికి కనిపించింది.

హెచ్‌ఆర్ 6819 కథ కూడా ఇలాంటిదే. 2020లో వెయ్యి కాంతి సంవత్సరాల దూరంలో అతి సమీప కృష్ణబిలం ఉందని ప్రకటన వచ్చింది. 40 రోజుల కక్ష్యలో తిరిగే తారకు అయిదు సౌర ద్రవ్యరాశుల వరకు బరువు ఉంటుందని అనుకోవడమే అక్కడి పొరపాటు. చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్ ఇంటర్‌ఫెరోమీటర్‌తో తీసిన సూక్ష్మమైన కొలతలు 2022లో వెలువడ్డాయి. అక్కడున్నవి రెండు మామూలు తారలే, ఒకటి తన పై పొరలన్నీ జోడీకి ధారపోసి లోపలి భాగంతో మాత్రమే మిగిలినది. బరువైన తారలా వెలుగుతున్నా దాని బరువు చాలా తక్కువ. తేలికైనది కాబట్టే అంతగా ఊగింది.

కక్ష్యాపథం గారు చెప్పిన లెక్కలో తప్పేమీ లేదు. అయితే ద్రవ్యరాశి ప్రమేయం మూడు సౌర ద్రవ్యరాశులను స్పష్టంగా దాటని చోట, కనిపించే తార బరువు మీద మన ఊహే ఫలితాన్ని నిర్ణయిస్తుందని గుర్తుంచుకోవాలి.

కక్ష్యాపథం:

పూర్తిగా అంగీకరిస్తున్నాను. అందుకే గయా ఉపగ్రహం ఇచ్చిన సాక్ష్యాన్ని నేను ఎక్కువగా గౌరవిస్తాను. వర్ణపటం మన దిశలోని వేగాన్ని మాత్రమే చెబుతుంది. గయా మాత్రం తార ఆకాశంలో గీసే దీర్ఘవృత్తాన్నే నేరుగా కొలుస్తుంది, కనుక కక్ష్య వాలు కూడా అందులోనే తేలిపోతుంది. బీహెచ్1 విషయంలో గయా కొలతను భూమి మీది దూరదర్శినులతో తీసిన వేగాలతో సరిపోల్చి చూశారు. రెండు వేర్వేరు దారులు ఒకే చోటికి చేరాయి.

నీహారిక:

నాకు వి404 సిగ్నీ గురించి మరో సందేహం ఉంది. అది 1938లో నోవాగా (హఠాత్తుగా వెలుగు పెరిగిన తారగా) గుర్తింపు పొందింది, 1989లో జపాన్ ఉపగ్రహం గింగా దాని ఎక్స్-కిరణాల విజృంభణను పట్టుకుంది, 2015 జూన్‌లో మళ్ళీ భగ్గుమంది. ఏకశృంగి మండలంలోని ఏ0620-00 కూడా 1917లోనూ 1975లోనూ ఇలాగే మండింది. పదార్థం నిత్యం పొర్లుతూనే ఉంటే, దశాబ్దాలపాటు నిశ్శబ్దంగా ఉండి ఒక్కసారి ఎందుకు మండాలి?

సప్తర్షి:

పదార్థం చేరడం నిత్యమూ జరుగుతుంది, లోపలికి జారడం మాత్రం నిత్యమూ జరగదు. కీలకం హైడ్రోజన్‌లో ఉంది. చల్లగా ఉన్న డిస్క్‌లో హైడ్రోజన్ తటస్థంగా ఉంటుంది, అయస్కాంత క్షేత్రాలకు పట్టు దొరకదు, రాపిడి తక్కువ కాబట్టి వాయువు అక్కడే పోగవుతుంది. పోగయ్యేకొద్దీ వేడి పెరిగి, కొన్ని వేల డిగ్రీలు దాటిన చోట హైడ్రోజన్ పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోతాయి. అంతటితో రాపిడి హఠాత్తుగా పెరుగుతుంది, ఆ వేడి పక్క వలయానికి అంటుకుంటుంది, దశాబ్దాలుగా కూడిన పదార్థమంతా కొద్ది వారాల్లో, నెలల్లో లోపలికి జారిపోతుంది. డిస్క్ ఖాళీ అయి చల్లారగానే మళ్ళీ పోగవడం మొదలు. సిగ్నస్ ఎక్స్-1లో బరువైన తార ధారాళంగా పదార్థాన్ని ఇస్తూ, డిస్క్ ఎప్పుడూ వేడిగా ఉంటుంది గనుక అది దాదాపు నిరంతరం వెలుగుతుంది.

ఆ నిశ్శబ్ద దశే మనకు మేలు చేస్తుంది. డిస్క్ వెలుగు తగ్గినప్పుడే మసకగా ఉండే తోటి తార వర్ణపటం బయటపడుతుంది, ఊగిసలాటను కొలవగలిగేది అప్పుడే. ఏ0620-00లోని చిన్న తార 7 గంటల 45 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుందని తెలిసింది కూడా విజృంభణ సద్దుమణిగాకే.

వి404 గురించి ఔత్సాహికులకు నచ్చే మాట ఒకటి: 2015 విజృంభణలో బిలం చుట్టుపక్కల జరిగిన మార్పులు మామూలు కాంతిలో కూడా కనిపించాయి, 20 సెంటీమీటర్ల దూరదర్శినితో చూడగలిగేంతగా.

ధ్రువతార:

చివరిగా ఒక్కటి అడుగుతాను. కృష్ణబిలం పుట్టాలంటే బరువైన తార కుప్పకూలాలి, సాధారణంగా సూపర్నోవాగా పేలాలి కదా. పక్కనే ఉన్న తార ఆ పేలుడును తట్టుకుని ఎలా మిగిలింది? జంట ఎందుకు విడిపోలేదు?

పరిశీలకుడు:

ఇది ఇంకా తేలని విషయాల్లో ఒకటి, అందుకే నాకు అత్యంత ఇష్టమైనది. ప్రతి కృష్ణబిలమూ పెద్ద పేలుడుతోనే పుట్టాలని లేదు. కొన్ని తారలు దాదాపు పేలకుండానే లోపలికి కుప్పకూలుతాయనడానికి జంటలే సాక్ష్యమిస్తున్నాయి. మన పొరుగు గెలాక్సీ అయిన పెద్ద మెగల్లానిక్ మేఘంలోని వీఎఫ్‌టీఎస్ 243 అనే జంటలో కనీసం 9 సౌర ద్రవ్యరాశుల బిలం, 25 రెట్ల నీలి తారతో 10.4 రోజుల కక్ష్యలో తిరుగుతోంది. ఆ కక్ష్య దాదాపు గుండ్రంగా ఉంది. పేలుడు తన్నినట్టయితే కక్ష్య సాగి ఉండేది. అన్నట్టు, 2022లో దీన్ని ప్రకటించిన బృందంలో చాలామంది అంతకుముందు ఇతరుల కృష్ణబిల ప్రకటనలను ఖండిస్తూ వచ్చినవారే. వారే పరీక్షలన్నీ పెట్టి ఒప్పుకున్నారు కాబట్టి ఆ సాక్ష్యానికి విలువ ఎక్కువ.

వి404లో మరింత ఆశ్చర్యం ఉంది. భూమి-సూర్యుల దూరానికి కనీసం 3,500 రెట్ల దూరంలో, ఒక చుట్టుకు సుమారు 70,000 సంవత్సరాలు తీసుకుంటూ మూడో తార ఒకటి దానితో కలిసి ఉందని 2024లో తేలింది. అంత వదులుగా కట్టుబడిన తార జారిపోకుండా ఉండాలంటే, బిలం పుట్టినప్పుడు దానికి తగిలిన తోపు అత్యల్పమై ఉండాలి.

నీహారిక:

మరి గయా బీహెచ్1? బిలానికి పూర్వరూపమైన మహాతార ఉబ్బినప్పుడు, సూర్యుడిలాంటి ఆ చిన్న తార దాని కడుపులో ఉండేది కదా.

పరిశీలకుడు:

సరిగ్గా అక్కడే చిక్కు. అంత బరువైన తార వృద్ధాప్యంలో ఇప్పటి కక్ష్యను మించి ఉబ్బి ఉండాలి. చిన్న తార దాని పొరల్లో చిక్కుకుంటే, రాపిడికి కక్ష్య బాగా కుంచించుకుపోవాలి, లేదా రెండూ కలిసిపోవాలి. మిగిలిన 1.4 రెట్ల దూరం ఈ రెండింటికీ పొసగదు. ఆ బిలం, ఈ తార అసలు కలిసి పుట్టలేదని, కిక్కిరిసిన తారల గుంపులో తర్వాత ఒకదానికొకటి దొరికాయని ఒక వాదన.

2024లో గరుడ మండలంలో బయటపడ్డ గయా బీహెచ్3 ఈ వాదనకు కొంత ఊతమిస్తోంది. బిలం 33 సౌర ద్రవ్యరాశులు, ప్రదక్షిణ 11.6 సంవత్సరాలు. తోటి తారలో లోహాలు (ఖగోళ శాస్త్రంలో హైడ్రోజన్, హీలియం కంటే బరువైన మూలకాలన్నీ) అతి స్వల్పం, అది ఎప్పుడో చెదిరిపోయిన పాత తారాగుచ్ఛపు ప్రవాహంతో పాటు కదులుతోంది. లోహాలు తక్కువైన మహాతార గాలి రూపంలో కోల్పోయే పదార్థం కూడా తక్కువ, అందుకే అంత బరువైన బిలం మిగిలిందన్నది చాలామంది అభిప్రాయం.

కక్ష్యాపథం:

పరిశీలకుడు గారూ, గుచ్ఛం వాదన బీహెచ్3కి సరిపోయినంతగా బీహెచ్1కి సరిపోతుందని నాకు అనిపించడం లేదు. ఆ తారలో లోహాలు దాదాపు సూర్యుడిలో ఉన్నంతే ఉన్నాయి, గెలాక్సీ పళ్ళెంలో మామూలు కక్ష్యలోనే తిరుగుతోంది. మొదట లోపల రెండు బరువైన తారలుండి, అవి ఒకదాన్నొకటి ఉబ్బనివ్వకుండా ఆపి ఉంటే, బయటి చిన్న తార క్షేమంగా మిగిలేదన్న మరో ప్రతిపాదన వైపే నా మొగ్గు. అదే నిజమైతే ఇప్పుడు లోపల ఉన్నది ఒక్క బిలం కాక రెండు చిన్న బిలాలు కావచ్చు, బయటి తార వేగంలో అతి సన్నని అదనపు ఊగిసలాటగా అది తెలియాలి.

పరిశీలకుడు:

ఆ ఊగిసలాట కోసం ఇప్పటికే సూక్ష్మమైన వర్ణపటాలతో వెతికారు. ఇంతవరకు కనిపించలేదు. రెండు బిలాలు మరీ దగ్గరగా ఉంటే కొలతకు అందకపోవచ్చు కాబట్టి మీ ప్రతిపాదనను పూర్తిగా కొట్టివేయలేను. గయా పరిశీలనలు 2025 జనవరితో ముగిశాయి కానీ, పోగుచేసిన కొలతల్లో ఇలాంటి జంటలు మరికొన్ని దొరికితే అవి గుచ్ఛాల్లో ఎక్కువా, పళ్ళెంలో ఎక్కువా అన్నది లెక్కపెట్టవచ్చు. అప్పటిదాకా నా ఓటు గుచ్ఛానికే.